మాస్టారి గిటారు లోపలి బద్దలు

ఎదురింట్లో వడ్రంగి తలుపు చెక్కకు చిత్రిక పడుతున్నాడు. ఆ పొట్టు వాసన కిటికీలోంచి వచ్చినప్పుడల్లా నాకు ఏసుపాదం మాస్టారు గుర్తొస్తారు. నరసరావుపేటలో మా పక్కింటాయన. బడి పిల్లలకు చెక్కపని నేర్పి రిటైరయ్యారు. ఆదివారాలు చర్చిలో గిటారు వాయించేవారు. నేను సాగర్ కాలువల మీద ఇంజినీరుగా పనిచేసినవాణ్ణి. సంగీతం తెలియదు. ప్రతి పనికీ కొలత తీసి డైరీలో రాసుకోవడం మాత్రం అలవాటు.

పక్షవాతం వచ్చి తగ్గాక మాస్టారి చేతుల్లో బలం పోయింది. కొట్లో కొన్న గిటారును ఆయన మీటితే ముందు బెంచీ దాకా కూడా వినపడేది కాదు. చర్చిలో కీబోర్డు పెట్టారు. ఆయన్నెవరూ వద్దనలేదు, ఆయనే వెళ్లి వెనక బెంచీలో కూర్చోవడం మొదలుపెట్టారు. ఒకరోజు దేవదారు పలక ఒకటి తెచ్చి మా వరండాలో పెట్టారు. "మెల్లగా తాకినా పలికేది ఒకటి చేసుకుందామని. నా చెయ్యి నిలవదు సారూ, ఉలి మీరు పట్టండి" అన్నారు.

గిటారు ముందు పలకకు లోపలివైపు సన్నని బద్దలు అతికిస్తారు. ఆరు తీగలూ కలిసి ఒక మనిషి బరువంత లాగుతాయి. ఆ లాగుడుకు పలక కుంగకుండా ఆపేవి ఈ బద్దలే. మరీ మందంగా ఉంటే పలకను కదలనివ్వవు, మోత రాదు. మొదటిసారి నా మాటే నెగ్గింది. బద్దలు దిట్టంగా వేశాం. తీగలు బిగించి మీటితే ఆయన భార్య కరుణమ్మ గారు టీ గ్లాసులతో వచ్చి, "ఏందయ్యా, పీట మీద మొట్టినట్టుందే" అన్నారు.

"సారు కాలువకు గట్టేశాడు మరి. చుక్క నీళ్లు కూడా పోవు" అన్నారు మాస్టారు.

కత్తి వేడి చేసి అతుకులో దూర్చి, వెనక పలక ఊడదీశాం. ఈసారి ఆయన చెప్పినట్టు బద్దలు బాగా పలుచన చేశాను. వేలి కొస తగిలితే చాలు, పలికింది. కరుణమ్మ గారు వాళ్ల వంటింట్లోంచి వచ్చి నిలబడిపోయారు. ఆ సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు. ఎండలు ముదిరాక పలక నడుమ కుంగి, కింద ఉబ్బి, తీగలు వేళ్లతో నొక్కలేనంత పైకి లేచాయి. మాస్టారు దాన్ని ఒళ్లో పెట్టుకుని కుంగినచోట వేలితో తడిమారు.

"ఇక చాల్లేయ్యా. కీబోర్డు పిల్ల బాగానే వాయిస్తందిగా" అన్నారు ఆవిడ. ఓదార్పుగానే అన్నారు. ఆయన మర్నాడు మళ్లీ కత్తి వేడి చేయమన్నారు.

మూడోసారి కొత్త బద్దలు నడిమధ్యన మందంగా ఉంచి కొసలు సన్నగా చెక్కాం. అప్పటికి నేను పూర్తిగా అలిసిపోయాను. "ఇక్కడ ఇంకో బద్ద వేద్దాం మాస్టారూ. మళ్లీ కుంగితే తెరిచే ఓపిక నాకు లేదు" అన్నాను.

"నాకూ లేదు సారూ. అయినా వద్దు. కాస్త బరువు పలక్కి కూడా వదలండి. అంతా బద్దలే మోస్తే అదేం పాడుద్ది?"

ఆ ఆదివారం చర్చిలో ఆయన గిటారుతో ముందుకెళ్లి కూర్చున్నారు. ఎవరో లేచి ఫ్యాన్లు ఆపారు. నేను గుమ్మం పక్కన కూర్చున్నాను. రెండు చోట్ల ఆయన వేళ్లు తడబడ్డాయి. పాట మాత్రం నా దాకా వచ్చింది. మరుసటి వేసవికి పలక కొద్దిగా కుంగింది. చూపిస్తే, "కుంగనీండి. పలకతందిగా" అన్నారు. పోయేదాకా దాన్నే వాయించారు.

ఇప్పుడు నా మోకాళ్లూ మాట వినడం లేదు. నిన్న మా కోడలు నడవ పొడుగునా గోడకు పట్టుకునే కమ్మీలు బిగించడానికి మనిషిని పిలిపించింది. స్నానాలగదిలో ఒకటి చాలమ్మా, నడవలో వద్దన్నాను.

"పడితేనో మావయ్యా?" అంది.

గోడ పట్టుకోకుండా నడవ దాటి చూపించాను. మధ్యలో ఒకసారి తూలాను. అవతలికి చేరేసరికి ఆయాసం వచ్చింది. మా కోడలు ఆ మనిషికి స్నానాలగది ఒక్కటే చూపించింది.