నీళ్లతో గొలుసుకట్టు

ఆ టీచరమ్మను నేను మొదట చూసింది వెనక నుంచి. బడి ప్రహరీ బయట, రోడ్డు వైపు, ఓ ఇరవై మంది పసిపిల్లల్ని గోడకు ఎదురుగా నిలబెట్టి ఉంది. శిక్ష వేసిందనుకున్నాను. కడుపు మండింది. ఊళ్లు పట్టి తిరగడంతో పాటు అడగని చోట నోరు పారేసుకోవడం కూడా నాకున్న జబ్బే. ఎండలో పిల్లల్ని ఇలా నిలబెట్టడానికి మనసెలా వచ్చిందమ్మా అన్నాను.

ఆమె తల కూడా తిప్పలేదు. "శిక్ష కాదు పెద్దాయనా, పాఠం. మీ నీడ గోడ మీద పడుతోంది, పక్కకి జరగండి."

జరిగి చూశాను. ఒక్కొక్కరి చేతిలో రంగులేసే పాత కుంచె, మధ్యలో బకెట్టు నీళ్లు. ఎండకు కాలిన సిమెంటు గోడ మీద తడి సున్నాలు, వంకీలు, ఒకదాని తోక మరోదాని మెడకు తగులుకుంటూ సాగుతున్నాయి. చివరిది పూర్తయ్యేలోపు మొదటిది ఆరిపోతోంది.

ఆమె నేర్పేది గొలుసుకట్టు రాత, అంటే చెయ్యెత్తకుండా అక్షరాలు కలిపి రాయడం. కోపం ఇట్టే రాజుకుంటుందని పిల్లల తల్లిదండ్రులు ఆమెకు పెట్టిన పేరు అగ్గిపెట్టె టీచరు. ఆ పేరు ఇంట్లో అత్తగారికి తెగ నచ్చిందట. మా కోడలు వంటింట్లోకొస్తే పొయ్యి వెలిగించే పని లేదు, కూర దానంతటదే ఉడుకుతుంది అంటుందట ఆవిడ. ఇది చెప్పేటప్పుడు మాత్రం టీచరమ్మ కాస్త నవ్వింది.

రాత భుజంలో పుట్టాలంటుంది ఆమె. అక్కణ్నుంచి మోచేతికి దిగి, మణికట్టు దాటి, చిట్టచివర వేళ్లకు చేరాలి. మాటొచ్చింది కాబట్టి చెబుతాను, రేవుల్లో పడవల మీద పేర్లు రాసేవాళ్లను, సమాధిరాళ్ల మీద అక్షరాలు చెక్కేవాళ్లను గంటల తరబడి చూస్తూ కూర్చున్నవాణ్ని నేను. ఒక్కడూ వేళ్లతో రాయగా చూడలేదు, ఒళ్లంతా ఊగుతుంది. ఆ సంగతి మొదలుపెట్టబోతే ఆమె మధ్యలోనే తుంచేసింది. "మీరు చూశారు, సంతోషం. మా హెడ్‌మిస్ట్రెస్‌కి ఎవరు చూపిస్తారు?"

ఆ బళ్లో ఒకటో తరగతి పిల్లలు రోజూ నాలుగు గీతల పుస్తకంలో పేజీ నింపాలి. తల్లిదండ్రులు వచ్చినప్పుడు తిప్పి చూసేది ఆ పేజీలనే. తరగతిలో ఓ బస్సు కండక్టరు కూతురుంది. టీచరమ్మ దాన్ని పిచ్చుకా అని పిలుస్తుంది. ఆ పిచ్చుక పెన్సిల్ని ఎంత నొక్కి పట్టేదంటే అచ్చు మూడో పేజీ దాకా దిగేది. నడివేలికి కాయ కాసింది. ఓ రోజు పిడికిలి బిగించింది, ఇక తెరవలేదు. ఎవరు చెప్పినా తెరవలేదు. నెలాఖరుకి రాయకపోతే కింది తరగతికి దించేస్తానని హెడ్‌మిస్ట్రెస్ తేల్చేసింది. ఇంట్లో వాగుడుకాయండీ, రాయమంటేనే ఇలా అని తండ్రి వచ్చి బతిమాలుకుని పోయాడు.

టీచరమ్మ పుస్తకం లోపల పడేసి, పిల్లకు కుంచె ఇచ్చి బడి లోపలి గోడ దగ్గరకు తీసుకెళ్లింది. పిడికిలి మెల్లగా వదులైంది. ఈలోగా గోడలు తడిసిపోతున్నాయని, చూపించడానికి ఏమీ మిగలడం లేదని హెడ్‌మిస్ట్రెస్ సెలవుల్లో లోపలి గోడలన్నిటికీ ఆయిల్ పెయింటు వేయించింది. దాని మీద నీళ్లు నిలవవు, బొట్లు బొట్లుగా జారిపోతాయి.

"సీతాకోకచిలుకలు కూడా వేయించింది మహాతల్లి," అంది టీచరమ్మ పళ్లు బిగించి. "ఒక్కోదానికి ఓ నవ్వు మొహం."

అందుకని వీధిలోకొచ్చి పడ్డారు.

మేమలా మాట్లాడుతుండగానే హెడ్‌మిస్ట్రెస్ గేటు దాటి వచ్చింది. పిచ్చుక అప్పుడే ఓ బారెడు గొలుసు రాసి కుంచె దించింది. ఆవిడ చేరేసరికి గోడ మళ్లీ మామూలు గోడ.

"ఏది? ఎక్కడ రాసింది?"

"ఆరిపోయింది."

"అయితే రాయనట్టే కదా."

టీచరమ్మ చెవులు ఎర్రబడ్డాయి. అరుస్తుందనుకున్నాను. గొంతు ఇంకా తగ్గింది. "మళ్లీ రాస్తుంది. ఈసారి నిలబడి చూడండి. పుస్తకమైతే ఎప్పుడైనా తిప్పుకోవచ్చు. పిల్ల రాసేది చూడాలంటే రాస్తున్నంతసేపూ ఇక్కడే ఉండాలి."

పిచ్చుక హెడ్‌మిస్ట్రెస్ వైపు చూసింది. కుంచె చుట్టూ వేళ్లు మళ్లీ బిగుసుకున్నాయి. టీచరమ్మ ఆ చెయ్యి పట్టుకోలేదు. తన చేతినే భుజం నుంచి తడిబట్ట దులిపినట్టు దులిపింది. పిల్ల చూసి తనూ దులిపింది. నీళ్లు హెడ్‌మిస్ట్రెస్ కళ్లజోడు మీద పడ్డాయి. పిల్లలు కిసుక్కుమన్నారు, పిచ్చుకకీ నవ్వాగలేదు. ఆ నవ్వుతోనే మొదలుపెట్టింది. గోడ పక్కనే అడుగులేస్తూ రాసుకుంటూ పోతోంది. ఆరిపోయేలోపు చూడాలి కాబట్టి హెడ్‌మిస్ట్రెస్ కూడా అడ్డంగా అడుగులేస్తూ వెంటపడాల్సి వచ్చింది. కరెంటు స్తంభం దగ్గర గోడ అయిపోయింది, ఇద్దరూ ఆగారు.

ఆవిడ కళ్లజోడు తుడుచుకుంది. "సరే, దించను. కానీ పుస్తకం నిండాలి. పేరెంట్స్‌కి నేను జవాబు చెప్పుకోవాలి."

"దాని చెయ్యి ఒప్పుకున్నప్పుడు నిండుతుంది," అంది టీచరమ్మ.

ఆవిడ లోపలికి పోయాక, గెలిచావమ్మా అన్నాను, మెప్పుగా.

భగ్గుమంది. "ఏం గెలవడం? ఐదేళ్ల పిల్ల వేలికి కాయ కాసింది. దానికెవరు జవాబు చెబుతారు, మీరా?"

ఆమె ఖాళీ బకెట్టు నా చేతికిచ్చింది. "ఊరికే నిలబడ్డారుగా. కుళాయి ఆ సందు చివర."

వెళ్లి నింపుకొచ్చాను.