ఆకువక్క వేసుకున్నాక

నా చిన్నప్పుడు మా ఝరాసంగం బడి ఐదో తరగతితో ఆగిపోయేది. ఆపై చదవాలంటే జహీరాబాద్ పోవాలి. నన్ను పంపాలా వద్దా అని తేల్చడానికి ఒక పొద్దున మా నాన్న, పెద్దనాన్న, జహీరాబాద్‌లో ఉండే మేనత్త అరుగు మీద కూర్చున్నారు. నేను తలుపు వెనక నిలబడి విన్నాను. అరవై ఏళ్లయింది, ఒక్క మాట కూడా మరవలేదు.

ముందుగా నోరు తెరిచింది నాన్న. “ఆడపిల్లను గంత దూరం పంపుడు నాకిష్టం లేదు. మీరేమంటరు?”

“అవ్, దూరమే గద” అన్నాడు పెద్దనాన్న.

“పోరి ఇంకా చిన్నది తమ్మీ” అంది మేనత్త.

దూరం, చిన్నది, ఆడపిల్ల. ఆ మూడు ముక్కలనే కాసేపు అటూ ఇటూ తిప్పి, ఆకువక్క వేసుకున్నారు. మా ఇంట్లో ఆకువక్క వేసుకున్నాక ఇక ఆ మాట తిరగదు.

మర్నాడు మా నానమ్మ విత్తనం జొన్నలు చెరుగుతూ, ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుంది. తన మనసులో ఏముందో చెప్పకుండా, పోరి చదువు సంగతి నీకు ఎరుకున్నదేందో చెప్పు అని అడిగింది. నేను అక్కడే రాళ్లు ఏరుతున్నాను. ఈ పిల్ల చదువు ఆపొద్దని పంతులు తనను బతిమాలాడని పెద్దనాన్న చెప్పాడు. బడి తన ఇంటి వెనక సందులోనే ఉందని, పిల్ల తన దగ్గరే ఉండొచ్చని మేనత్త చెప్పింది. నిన్న ఎందుకు చెప్పలేదంటే ఇద్దరిదీ ఒకటే జవాబు. “తమ్ముడు ముందుగాల్నే వద్దనె. ఇగ చెప్పి ఏం ఫాయిదా?”

చివరికి నాన్న వచ్చాడు. “నాకు పంపాలనే ఉండె అవ్వా. అన్న, అక్క వద్దంటరని నేనే ముందుగాల వద్దన్న.”

“అయితే పంపు.”

“ఆకు ఏసుకున్నం గదనే. ఇప్పుడు మాట మారిస్తే అన్న ముందట నా మొగం ఏడ పెట్టుకోవాలె?”

జూన్‌లో బడి తెరిచారు. నేను కలుపుకు పోయాను.

“మాట చెల్లెటోడే ముందు మాట్లాడితే తక్కినోళ్లకు ఎరుకున్నది గూడ కడుపులనే ఉంటది బిడ్డా” అంది నానమ్మ. అందుకే ఇప్పుడు నా ఇంట్లో ఏ సంగతి తేల్చాలన్నా చిన్నవాళ్లను ముందు అడుగుతాను. అందరూ చెప్పేదాకా నా మొహంలో ఏమీ కనిపించనివ్వను. నా కొడుకులు విసుక్కుంటారు. విసుక్కోనీ.

నానమ్మ తెలివి మీద నాకెంత గౌరవమో, అంత కోపం కూడా ఉంది. ఆ రోజు చేట ముందు ముగ్గురినీ అడిగింది. పక్కనే రాళ్లు ఏరుతున్న నన్ను మాత్రం నీకేం కావాలని ఆమె కూడా అడగలేదు.