నార్ఫోక్ ప్రయాణానికి అడిగిన వేలిముద్ర

మే నెల మూడో శుక్రవారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలకు, ఈ గల్ఫు దీవిలో, అద్లియా అనే పేటలో, మా సారు ఇంటి హాల్లో నన్ను వేలిముద్ర వెయ్యమన్నారు. గోడ గడియారం చూసే చెబుతున్నాను. ఎవరి మొహం చూడాలో తెలియక దాన్నే చూశాను.

ముందు సంగతి చెప్పాలి. ఇదే దీవిలో సిత్రా అనే చోట, కాంట్రాక్టరు కూలీల క్యాంపులో పంతొమ్మిదేళ్లు మెస్ వంట చేశాను. నడుము పోయి, పెద్ద గంజులు ఎత్తలేక, ఈ ఇంట్లో కుదిరాను. సారు విజయవాడ వైపు ఇంజనీరు. మేడం ఆఫీసు ఉద్యోగం. సారు తల్లి కూడా ఇక్కడే ఉంటుంది, నేను అమ్మగారు అంటాను. బడిపంతులమ్మగా చేసి రిటైరైన మనిషి, ఇప్పుడు చూపు ఆనదు.

నాకు అక్షరాలు నేర్పింది ఆమే. ప్రేమతో నేర్పిందని నేను రాయను. పేపరు చదివి వినిపించే మనిషి కావలసి వచ్చింది, కొడుక్కీ కోడలికీ తీరిక లేదు. యాభై తొమ్మిదో ఏట, కూరగాయలు తరిగే బల్ల మీద అఆలు దిద్దాను. తప్పు రాస్తే గరిటె కాడతో వేళ్ల మీద ఒకటి వేసేది. పేపరు అక్షరాలు ఆనకపోయినా, పలకను ముక్కు దగ్గర పెట్టుకుని తప్పు పట్టేది.

"ఏమయ్యా, ఠ పొట్టలో చుక్క ఏది? ఉప్పు మరిచిన కూరలా ఏడిసింది."

రెండేళ్లు పట్టింది. ఆ తర్వాత నా పేరు నేనే రాశాను.

సారు ఆఫీసులో ఒక ఇంగ్లీషాయన ఉండేవాడు. లండన్‌లో ఏముంది, మా నార్ఫోక్ జిల్లా చూడండి, మా ఇల్లు ఖాళీగానే ఉంది, రెండు వారాలు ఉండండి అన్నాడట. మేడం ఫోన్లో వెతికి, అక్కడ చూడదగ్గ ఊళ్లన్నీ అత్తగారి కోసం తెలుగులో ఒక నోటుపుస్తకంలో రాసింది. పదకొండు చోట్లు. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను చదవడం, ఆమె వినడం. పేపర్లో రోజూ ఎవరో ఒకరు చస్తుంటారు. ఇందులో ఎవరూ చావలేదు.

హన్‌స్టంటన్ అనే ఊళ్లో సముద్రపు ఒడ్డున కొండచరియ కింద ఎర్రగా, పైన సుద్దలా తెల్లగా ఉంటుందట. బ్లేక్నీ దగ్గర పడవెక్కి పోతే, మీసాలున్న సీల్ జంతువులు ఇసుక మీద కుప్పగా పడుకుని ఉంటాయట. క్లే అనే ఊళ్లో రెల్లు మధ్య పాత గాలిమర. క్రోమర్‌లో సముద్రం లోపలికి కట్టిన వంతెన, దాని చివర నాటకశాల. పల్లెల్లో చెకుముకి రాళ్లు పేర్చి కట్టిన చర్చీలు. కూడబలుక్కుని చదివాను కాబట్టి ఒక్కొక్కటీ రాయిలా లోపల పడిపోయింది.

ఇరవై నాలుగేళ్లుగా ఈ దీవిలోనే ఉన్నాను. నేను చూసిన సముద్రం డ్యూటీ బస్సు కిటికీలోంచి, నూనె ట్యాంకుల సందుల్లోంచి. సముద్రం చూడ్డానికే మనుషులు పనిగట్టుకుని పోతారని ఆ పుస్తకం చదివాకే తెలిసింది.

"ఇతను రాకపోతే నేనూ రాను. రెండు వారాలు బ్రెడ్డు ముక్కలు తిని చావనా?" అని అమ్మగారు పట్టుబట్టింది. సారు సరేనన్నాడు. వంట చెయ్యడానికే తీసుకుపోతారని నాకు తెలుసు. అయినా పోవాలని ఉంది. పుస్తకంలో చదివిన ఊళ్లు నా కళ్లతో చూడాలని ఉంది. అంత ఆశ నాకు దేని మీదా లేదు. పాత క్యాంపుకు పోతే పోరగాళ్లు ఏడిపించారు; మా వాళ్లకు గల్ఫు అంతా దుబాయే.

"ఏం కాకా, దుబాయి సాలలేదా? లండన్ల గంటె తిప్పుతవా?"

"తిప్పుత బిడ్డా. మీ లెక్క సిమెంటు మొయ్య" అన్నాను.

ఆ శుక్రవారం కాగితాలు తీసుకుపోవడానికి వీసా ఏజెంటు ఇంటికి వచ్చాడు, మలయాళీ. నాలుగు పేజీల కింద నేను సంతకం చేశాను. అతను నా పాస్‌పోర్టు తెరిచి పక్కన పెట్టాడు.

"భాయ్, యే క్యా హై? పాస్‌పోర్ట్ మే అంగూఠా, ఇధర్ సైన్. నహీ చలేగా."

పాస్‌పోర్టులో వేలిముద్ర ఉంటే ఇక్కడ సంతకం చెల్లదట. అందులో ఉన్నది వేలిముద్రే. దాన్ని చేయించుకున్ననాటికి నాకు అక్షరం రాదు. కాగితం లెక్కన అతను చెప్పింది తప్పు కాదు. నా సంతకాలున్న పేజీలు అడ్డంగా కొట్టేసి, కొత్తవి పరిచి, ఇంకు డబ్బీ మూత తీశాడు.

"సారూ, పాస్‌పోర్టు మార్పిద్దాం. ఇప్పుడు నాకు రాయస్తది గద" అన్నాను.

"ఎంబసీ చుట్టూ తిరగడానికి టైమెక్కడుంది పెద్దాయనా? టికెట్లయిపోయాయి. కొంచెం ఇంకు, అంతేగా."

"గంతే అయితే మీరే ఎయ్యుండ్రి సారూ."

మేడం నవ్వింది, వెంటనే ఆపేసింది. "ఇందులో చిన్నతనం ఏముందండీ? ఆఫీసులో మేమూ మెషీన్ మీద వేలు పెట్టే డ్యూటీ ఎక్కుతాం."

"మీకు సంతకం వచ్చని అందరికి ఎరికే మేడం. నాకు వచ్చని ఎవలకెరుక?"

సిత్రాలో దిగిన రోజు అరబ్బీ కాగితం మీద వేలు వేశాను. ఊళ్లో చెప్పిన పని ఒకటి, కాగితంలో ఉన్నది ఇంకొకటి. అదేంటని అడిగితే, వేలు వేశావుగా, ఖలాస్ అన్నారు. వేలు వేసినవాడికి అడిగే నోరుండదు. అందుకే గరిటె దెబ్బలు తిని నేర్చుకున్నాను.

అమ్మగారి వైపు తిరిగాను. నేర్పిన మనిషి కదా, ఒక్క మాట అంటుందనుకున్నాను. అంది.

"వెయ్యి నాయనా. ఒక్కసారి వేస్తే నేర్చుకున్నది ఎక్కడికి పోతుంది?"

"పోతదమ్మా."

ఆమె, కళ్లజోడు ఎక్కడ పెట్టావని కోడల్ని అడిగింది. సారు డబ్బీ మూత పెట్టించి, నాతో "మీ ఇష్టం" అని, "యల్లా, ఇక పద" అంటూ ఏజెంటును పంపేశాడు. నా కాగితాలు బల్ల మీదే ఉండిపోయాయి.

జూన్‌లో వాళ్లు పోయారు. నేను లేకపోతే రానన్న అమ్మగారూ పోయింది. తిరిగి వచ్చాక అడిగితే, చలిగాలికి కారు దిగలేదంది. పదకొండిట్లో వాళ్లు చూసింది మూడు.

"గాలిమర సూసిండ్రా అమ్మా?"

"ఎక్కడయ్యా, కారు పెట్టే చోటు దొరకలేదు."

తర్వాత నేను పాస్‌పోర్టు మార్పించుకున్నాను. అందులో ఇప్పుడు నా సంతకం ఉంది. దానితో పోవడానికి ఊరే లేదు. అమ్మగారికి పేపరు చదువుతూనే ఉన్నాను, జీతంలో అదీ ఒక పని. ఆమె మీద కోపం పోయిందా అంటే, పోలేదు. సారు మీద అంత కోపం లేదు. అతను నాకేమీ నేర్పలేదు.

ఆ రోజు హాల్లో ఉన్నవాళ్లం ఐదుగురం. టికెట్ల గురించి మాట్లాడిన సారు. నవ్వి ఆపేసిన మేడం. తన పని తాను చేసిన ఏజెంటు. నాకు అక్షరాలు నేర్పిన అమ్మగారు. నేను.