పంపు దగ్గరి మనిషి

అగ్నిమాపక శాఖలో పద్దెనిమిదేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను. మంటను కళ్లారా చూసింది మాత్రం తక్కువే. ఈ మాట చెబితే చుట్టాలు నవ్వుతారు. నేను డ్రైవర్ ఆపరేటర్‌ని. బండిని తోలుకుపోయి, మంటకు ఎంత దూరంలో ఆపాలో అంత దూరంలో ఆపి, దిగి, వెనక్కి పోయి పంపు దగ్గర నిలబడతాను. నీళ్ల ప్రెషర్ చూపించే ముల్లు నా ముఖానికి ఎదురుగా ఉంటుంది. మంట నా వీపు వెనక ఉంటుంది. నీళ్లు ఎక్కువైతే లోపలున్నవాడు ఎగిరి పడతాడు, తక్కువైతే కాలిపోతాడు. అందుకని ముల్లు మీదినుంచి కళ్లు తిప్పకూడదు. వరంగల్‌లో ఏ గోదాము ఎట్లా కాలిందో నాకంటే రోడ్డు మీద నిలబడి వీడియో తీసినవాళ్లకే బాగా తెలుసు.

మంటను చూసేవాడు మావాడు. ఇద్దరిదీ ఒకే బ్యాచ్, ఒకే స్టేషన్, ఒకే షిఫ్టు. ట్రైనింగ్‌లో ఒకరినొకరు భుజాన వేసుకుని నిచ్చెనలు దిగినవాళ్లం. వాడు నన్ను బావా అంటాడు, నేను వాణ్ని ఒరేయ్ అంటాను. చుట్టరికం ఏమీ లేదు. గొట్టం చివర ఉండే ఇత్తడి మూతిని మేం బ్రాంచ్ అంటాం. దాన్ని చంకలో బిగించి అందరికంటే ముందు లోపలికి పోయేది వాడే.

ఒక ఎండాకాలం కేసముద్రం పోయే దారిలో ఒక పత్తి గోదాము అంటుకుంది. మర్నాడు పేపర్లో వాడి ఫోటో. పొగలోంచి వస్తున్నాడు, భుజం మీద కాపలా ముసలాయన, ముఖం నిండా మసి. ఫోటో మూలకు మా బండి సగం పడింది. దాని వెనకనుంచి ఒక మోచెయ్యి. మా ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసి, "గిది మీదేనా?" అంది. నాదే. ఆ మోచెయ్యి లేకపోతే ఆ ముసలాయనా లేడు, ఆ ఫోటో కూడా లేదు. ఈ సంగతి ఎవరికి చెప్పను? చెబితే ఓర్వలేనోడు అంటారు. అంటే అన్నారు గానీ, నిజంగానే ఓర్వలేకపోయాను. అసూయ అని నాజూకుగా రాయొచ్చు. మా ఇంట్లో దానికి వాడే మాట కుళ్లు.

ఏప్రిల్‌లో మా వారోత్సవాలు వస్తాయి. బడులకు పోయి పిల్లలకు మంట ఆర్పి చూపిస్తాం. ఆ ఏడు సుబేదారిలో ఒక బడికి పోయాం. మా బిడ్డ అక్కడే ఆరో తరగతి. బండి ఆగీ ఆగకముందే ఉరికొచ్చి మావాడి హెల్మెట్ తల మీద పెట్టుకుని, వాడితో సెల్ఫీ దిగింది. తర్వాత గుర్తొచ్చినట్టు నా దగ్గరికి వచ్చింది.

"డాడీ, నువ్వు లోపల్కి పోవా?"

"పోను బిడ్డా. నేను నీళ్లియ్యాలె."

"ఎప్పుడు గూడ పోవా?"

"ఊహూ."

"అంటే నువ్వు ఒట్టి డ్రైవర్‌వేనా?" అని, జవాబు కోసం ఆగకుండా మళ్లీ వాడి దగ్గరికే ఉరికింది.

మా పనిలో మొదటి రోజే నేర్పే నియమం ఒకటుంది. బ్రాంచ్ పట్టినవాడు కాళ్లు నిలదొక్కుకుని, కుడి చెయ్యి పైకెత్తాలి. ఆ చెయ్యి లేచేదాకా పంపు దగ్గరివాడు నీళ్లు వదలకూడదు. అమ్మ తోడు, అయ్య తోడు, వదలకూడదు. ఆ రోజు వాడు చెయ్యెత్తలేదు. పిల్లల వైపు తిరిగి సెల్యూట్ కొడుతున్నాడు, సినిమా హీరో మాదిరిగా. వెనక ఆసరాగా ఉండాల్సిన రెండో మనిషి గొట్టంలో మెలిక సరిచేస్తున్నాడు. నేను నీళ్లు వదిలాను.

చెయ్యి జారిందని రాసుకోవచ్చు. జారలేదు. మా బిడ్డ ముందర వాడు ఒక్కసారి తడిసి, తత్తరపడి, చిన్నబోతే చాలనుకున్నాను. ముల్లు జివ్వున లేచింది. బ్రాంచ్ వాడి చంకలోంచి ఎగిరి, వాణ్ని కూడా లాక్కుపోయి కుడి భుజం మీద పడేసింది. పిల్లలు పకపకా నవ్వారు. వాడు ఎంతకీ లేవకపోయేసరికి నవ్వడం ఆపారు.

స్టేషన్ ఆఫీసర్ ఉరికొచ్చారు. ఏమైందని అడిగారు. వాడు నేల మీద పడి ఉండే, పళ్లు బిగబట్టి, "నా కాలు జారింది సార్. చెయ్యెత్తిన్న గని సక్కగ నిలబడలే," అన్నాడు.

చెయ్యెత్తానన్నాడు! దెబ్బకు మతి తప్పిందనుకున్నాను. ఎత్తిన చెయ్యేదో, ఎత్తని చెయ్యేదో వాడికి గుర్తులేదు, బతికిపోయాను అనుకున్నాను. సిగ్గు లేకుండా ఆ సాయంత్రం కడుపునిండా తిన్నాను కూడా.

భుజం ఎముక విరిగింది. దవాఖానలో వాడి మంచం చుట్టూ జాతరే. ఆపిల్ పళ్లు, కొబ్బరి బొండాలు, పక్క స్టేషన్ల నుంచి వచ్చిన మనుషులు. మా ఆవిడ పొద్దున్నే లేచి మేక కాళ్ల సూప్ కాచి క్యారేజీలో పోసింది.

"నాకు డెంగీ వచ్చినప్పుడు గిట్ల జేసినవా?" అన్నాను.

"మీకేమన్న బొక్కలిరిగినయా? కండ్లల్ల నిప్పులు పోసుకోకుండ్రి. సల్లారకముందె పట్టుకపోండ్రి," అంది.

పట్టుకుపోయాను. నేను పడగొట్టినవాడికి నేనే సూప్ మోశాను. వాడు జుర్రుకుని తాగి, "చెల్లె చేతిల ఏముందో గని బావా, పాణం లేసొచ్చింది," అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. వాడి మీద జాలి రావాల్సిన చోట కూడా కుళ్లే వచ్చింది. దెబ్బ తగిలినా వాడే గొప్ప!

ఆ ఎండాకాలంలోనే మా స్టేషన్‌కు మా మనసుల బాగోగులు అడిగే ఒక కౌన్సిలర్ మేడమ్ రావడం మొదలైంది. ప్రతి బుధవారం వచ్చేది. మొదటి రోజు అందరినీ కూర్చోబెట్టి నిద్ర ఎట్లా పడుతోందని అడిగింది. హాజరు పలికినట్టు ఒకరి తర్వాత ఒకరం "మంచిగ పడుతాంది మేడమ్" అన్నాం. మా దగ్గర అట్లాగే అనాలి. నిద్ర పట్టడం లేదంటే టీ కొట్టు దగ్గర నెలరోజులు ఆటపట్టిస్తారు, పైగా వీడు పనికిరాడని బండి దించుతారేమోనని భయం. మెడకు కట్టిన గుడ్డలో చెయ్యి వేలాడేసుకుని మూలన కూర్చున్న మావాడి వంతు వచ్చింది.

"పడుతలేదు మేడమ్. కండ్లు మూస్తె పొగ వాసనస్తాంది."

ఒక్కడూ నవ్వలేదు. పైగా వాడి ధైర్యాన్ని మెచ్చుకున్నట్టు అందరూ తలలూపారు. నాకూ మూడు వారాలుగా నిద్ర లేదు. ఆ మాట నేనంటే ఏమనేవాళ్లో నాకు తెలుసు: నీకేందిరా, బండి కాడ నిలబడేటోనివి!

అప్పటినుంచి బుధవారం వచ్చిందంటే వాడూ మేడమూ ఒక గంట గదిలో తలుపు దగ్గరేసుకుని మాట్లాడుకునేవాళ్లు. ఏం మాట్లాడతాడు గంటసేపు? నా గురించేనా? గుర్తొచ్చిందా? నేను బండిని ఆ కిటికీ పక్కకు తెచ్చి కడిగేవాణ్ని. ఒకసారి కడిగి, మళ్లీ కడిగేవాణ్ని. బుధవారాల్లో మా బండి తళతళలాడేది. ఒక్క ముక్కా వినబడలేదు.

మూడు నెలలకు డాక్టర్ సరేనన్నాడు. అయినా ఆఫీసర్ ఒప్పుకోలేదు. స్టేషన్ వెనక మైదానంలో ముల్లు ఏడు మీద ఉండగా అయిదు నిమిషాలు ఒంటరిగా బ్రాంచ్ పట్టి నిలబడితేనే మళ్లీ లోపలికి పోనిస్తానన్నారు. లేకపోతే వాచ్ రూమ్‌లో కూర్చుని వచ్చిన ఫోన్లు ఎత్తడమే ఇక మిగిలిన సర్వీసంతా. పంపు మీద వేరే డ్రైవర్‌ని పెట్టబోతే మావాడు వద్దన్నాడు. "బావనే ఉండాలె సార్."

పరీక్ష రోజు పొద్దున టీ తాగుతుంటే ఇక ఆగలేక అడిగేశాను. "గా మేడమ్‌కు నా గురించి ఏం చెప్పినవ్‌రా?"

"నీ గురించా? నీ గురించి ఏముంటది?"

"దాచకు. నువ్వు పడ్డ ముచ్చట తీసినవా, లేదా?"

వాడు గ్లాసు కింద పెట్టాడు. "ఆడ చెప్పేది నేను లోపల జూసినోళ్ల గురించి బావా. నేను వొయ్యేసరికే అయిపోయినోళ్ల గురించి. నీ ముచ్చట ఆడెందుకు తీస్త? అది మన ఇద్దరి ముచ్చట."

"ఏం ముచ్చట?"

"నేను చెయ్యెత్తలే గద."

నేనూ గ్లాసు కింద పెట్టాను. "మరి సార్‌కు అబద్ధమెందుకు చెప్పినవ్?" అన్నాను.

"చెప్తె నిన్ను బండి మీదికెళ్లి దించుతరు. నువ్వు దిగితె నేను ఎవ్వని నీళ్లు నమ్ముకొని లోపల్కి పోవాలె? పద్దెనిమిదేండ్లల్ల ఒక్కపారి తప్పినవ్. కొత్తోడైతె నెలకోపారి తప్పుతడు," అని నవ్వి, నా వీపు మీద ఎడమ చేత్తో ఒకటి చరిచాడు.

ఏడుపు రావాలి కదా? కోపం వచ్చింది. మూడు నెలలు వీడు నాకంటే పెద్దమనిషిగా నా కళ్ల ముందే తిరిగాడు. నాకు తెలియనివ్వకుండా నన్ను కాపాడుతూ తిరిగాడు. నేనేమో కిటికీ కింద బండి కడుక్కుంటూ ఉన్నాను.

పరీక్ష మొదలైంది. చెయ్యి పైకి లేచింది. నీళ్లిచ్చాను. ముల్లును అయిదు దగ్గరే ఆపాను. వాడి భుజం మీద దయ అనుకోండి, నా పాపం కడుక్కోవడం అనుకోండి. అర నిమిషం కాలేదు, మైదానం అవతలినుంచి వాడి అరుపు: "ఏడుకు వెట్టు బావా! మంట నీ లెక్క జాలి జూపదు!"

గొట్టం పట్టుకున్న చేతికి ముల్లు కూడా తెలిసిపోతుందని నాకప్పటిదాకా తెలియదు. ఆఫీసర్ నా వైపు చూశారు. ఏడుకు పెట్టాను. ఒక నిమిషం. రెండు. మూడో నిమిషంలో వాడి కుడి భుజం మెల్లమెల్లగా కిందికి జారింది. నీళ్లు ఆకాశం వదిలి, గోడ వదిలి, నేలను తవ్వడం మొదలుపెట్టాయి. వాడు బ్రాంచ్‌ను వదల్లేదు. నేనే పంపు ఆపేశాను.

ఆఫీసర్ తన గదిలో రిజిస్టర్ తెరిచి పెన్ను తీశారు. "ఏం జేద్దామయ్యా, ఇగ ఫోన్ కాడ కూసో," అన్నారు. మావాడు భుజం పట్టుకుని నవ్వాడు. "మంచిదే సార్. మంట యాడ లేసినా ముందుగాల నాకే తెలుస్తది." గుమ్మం దగ్గర నిలబడ్డ మావాళ్లలో ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. వాడివైపు చూస్తూ తుడుచుకున్నారు.

"సార్," అన్నాను. "ఆ రోజు వాని కాలు జారలే. వాడు చెయ్యెత్తకముందే నేను నీళ్లిడిసిన. కావాలని ఇడిసిన."

పశ్చాత్తాపంతో చెప్పానని రాస్తే చదవడానికి బాగుంటుంది. మా ఆవిడ ఇప్పటికీ అట్లాగే అనుకుంటోంది. కాదు. ఓడిపోయి కూడా వాడు అందరిలో అంత ఎత్తున నిలబడటం, ఆ ఎత్తులో సగం నన్ను దాచిపెట్టినందుకు వచ్చిందేనని నాకొక్కడికే తెలియడం, ఇది భరించలేక చెప్పాను.

ఆఫీసర్ రిజిస్టర్ మూశారు. తర్వాత బండి తాళంచెవి బల్ల మీద పెట్టి పొమ్మన్నారు. పెట్టి బయటికి వచ్చాను. వాడు నా వెనకే వచ్చాడు. పద్దెనిమిదేళ్లలో వాడికి నా మీద కోపం రావడం అదే మొదటిసారి చూశాను.

"అడిగిన్రా నిన్ను ఎవ్వలన్న?"

"నిజమే చెప్పిన గద."

"నిజమట, నిజం! బ్రాంచ్ ఎట్లాగు పాయె. నా దోస్తును కాపాడుకున్ననేది ఒక్కటి మిగిలె నాకు. గది గూడ ఓర్వకపోతివి గద బావా."