కాటుక ముక్కుకు తొమ్మిది గడులు

ఈ ఉదయం అరుగు మీద మనవరాలు, అది పెంచుకుంటున్న కుక్కపిల్ల, ప్లానులు గీసే నా పాత పెట్టె, అందులో రెండు కుంచెలు, అరిగిన నల్లసిరా కడ్డీ, మడత పెట్టిన ఒక కాగితం ఉన్నాయి. "తాతా, దీని ముక్కు తెల్లబడుతోందేంటి?" అని అది బెంగగా అడగబట్టే ఆ పెట్టె తీశాను.

చెన్నపట్నంలో సర్వే చదువు ముగించి, రామచంద్రపురం దిగువన కాలువ మీద పడవలు దాటే ఒక లాకు దగ్గర ఓవర్సీరుగా చేరిన ఏడాది, ఇంట్లో మా అమ్మ, తొలిచూలు మోస్తున్న నా భార్య, నేను, కాటుక అనే ఆడకుక్క ఉండేవాళ్లం. ముక్కు నల్లగా నిగనిగలాడేదని నా భార్యే దానికి ఆ పేరు పెట్టింది. కార్తీకం చివర ఆ ముక్కు నడుమ చిలగడదుంప తొక్క రంగులో ఒక చార తేలింది.

మా అమ్మ అది బొల్లి అని తేల్చింది. "బొల్లి కుక్క తిరిగే ఇంట్లో పురిటి మంచం వేస్తావా నాయనా?" అని నిలదీసి, శివరాత్రికి నలుపు తిరగకపోతే ఉప్పు పడవలో సముద్రపు ఒడ్డుకి పంపెయ్యాలని గడువు పెట్టింది. లాకు కాపలా మనిషి మాత్రం, "చలికండి అది, ఎండలొస్తే అదే నల్లబడుద్దండి" అన్నాడు. అతని మాట మా అమ్మ నమ్మలేదు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మలేదు.

నాకు తెలిసిన విద్య కొలవడం ఒక్కటే కాబట్టి, సిరాలో నీళ్లు కొంచెం కొంచెంగా పెంచుతూ కాగితం మీద తొమ్మిది గడులకు రంగు వేశాను. ఒకటోది దాదాపు తెలుపు, తొమ్మిదోది నలుపు. తడి ముక్కు నల్లగా కనిపించి మోసం చేస్తుంది గనుక, ప్రతి ఆదివారం పొద్దున దాన్ని గుడ్డతో తుడిచి, కాటుక మళ్లీ నాక్కునేలోగా కాగితాన్ని ముక్కు పక్కన పెట్టి చూసి, వెనకవైపు గుర్తు వేసేవాణ్ణి. మార్గశిరంలో అయిదో గడి, పుష్యంలో మూడో గడి. నాకు అన్నం సహించేది కాదు. ఉప్పు పడవ లాకు దాటినప్పుడల్లా కాటుక ఎక్కడుందో వెతుక్కునేవాణ్ణి.

ఒక ఆదివారం నా భార్య గుమ్మానికి ఆనుకుని, "మీ లెక్క అయ్యాక నా మొహం ఎన్నో గడిలో ఉందో కూడా చూడండి" అంది. నవ్వేసి, కాగితం మడిచి పెట్టెలో పెట్టాను.

శివరాత్రి నాటికి ముక్కు ఆరో గడికి వచ్చింది. మా అమ్మ కాగితం వంక చూడలేదు గానీ, ముక్కు వంక చూసి పడవ మాట మానేసింది. వేసవిలో మా పెద్దబ్బాయి క్షేమంగానే పుట్టాడు. బాలింతకు మాత్రం ఒంట్లో రక్తం లేదన్నాడు వైద్యుడు; ఈ పాలిపోవడం చలికాలం నుంచీ ఉందా అని నన్ను అడిగాడు. ఆమె మంచం దిగడానికి నాలుగు నెలలు పట్టింది. అన్నాళ్లూ కాటుక ఆ మంచం కిందే పడుకుంది.

ఇప్పుడు రాజమహేంద్రవరంలో ఫొటోలు తీసేవాళ్లున్నారు, మొహాలు పటాల్లో దాచుకోవచ్చు. మా రోజుల్లో చూసుకున్నంతే మిగిలేది. మా ఆవిడ పోయి మూడేళ్లయింది.

ఎండలు రానీ, నల్లబడుతుందని మనవరాలికి చెప్పి, కాగితం తిప్పి గుర్తులు లెక్కపెట్టాను. కాటుక ముక్కుకు పదమూడు. ఆవిడ మొహానికి ఒక్కటీ లేదు.