బసవపున్నయ్య గారి సోమవారం బదిలీలు

మనిషన్నవాణ్ని ఒక్క కుర్చీలో రెండు వారాలు వరసగా కూర్చోనివ్వకపోవడం బసవపున్నయ్య గారి జబ్బు. ఫిల్మ్‌నగర్‌లో కోదండ డబ్బింగ్ థియేటర్‌కి ఆయన స్టాఫ్ మేనేజరు. సోమవారం పొద్దున తొమ్మిదింటికల్లా నోటీసు బోర్డుకి కాగితం అంటించేవారు. వాచ్‌మన్ మైకుల గదికి, వంటవాడు ఆఫీసుకి, టైపిస్టు వంటింటికి. పై సోమవారం మళ్లీ ఇంకో కలగాపులగం.

అందరికంటే ఎక్కువ తిట్టుకున్నది బాలమణి. యూసుఫ్‌గూడ నుంచి వచ్చే ఆమెకి పదేళ్లుగా ఒకటే పని, ఎడిటర్ కత్తిరించిన ఫిల్మ్ ముక్కల్ని అతికించడం. కళ్లు మూసుకుని అతికించగలదు. అలాంటిదాన్ని తీసుకెళ్లి టెలిఫోన్ ముందు కూర్చోబెట్టారు.

“నాకు ఫోన్ల మాట్లాడుడు రాదు సారూ!”

“రాదు కాబట్టే కూర్చోబెట్టానమ్మా.”

“వచ్చినోళ్లు లేరా?”

“ఉన్నారు. వాళ్లని ముక్కలు అతికించడానికి పంపా.”

ఆ వారం కొత్తవాళ్లు అతికించిన రీల్లో హీరోయిన్ ముందు ఏడ్చింది, తరవాత చెంపదెబ్బ తింది. ఫోన్ చేసిన ఓ పెద్ద నిర్మాతని బాలమణి “ఎవరు నువ్వు? జర గట్టిగ చెప్పు!” అని గద్దించింది. ఆయన భయపడి గట్టిగానే చెప్పాడు. టైపిస్టు చేసిన ఉప్మాతో సౌండు ఇంజనీరు గోడకి పోస్టర్లు అంటించుకున్నాడు. ఇప్పటికీ ఊడలేదు.

వాచ్‌మన్ జంగయ్యది షేక్‌పేట. మైకు ముందు నిలబెడితే దాని చుట్టూ తిరిగి చూశాడు.

“ఏం జేయాలె సారూ గీడ?”

“గోడ దూకేవాణ్ని చూస్తే ఏమంటావు?”

“ఎవడ్రా అదీ!”

సౌండు ఇంజనీరు హెడ్‌ఫోన్లు పీకి పారేసి, చెవులు ఉన్నాయో లేవో తడుముకున్నాడు.

తొంభై ఏడులో సింగపూర్ కంపెనీ ఒకటి థియేటర్లో సగం వాటా కొని, జూబ్లీహిల్స్‌లో అద్దాల ఆఫీసు తెరిచింది. ఉపగ్రహ చానెళ్ల కోసం విదేశీ బొమ్మల సినిమాలకి తెలుగు గొంతులిచ్చే పని తెచ్చింది. ఎడిటింగ్‌కి కంప్యూటర్లూ తెచ్చింది. ఇక అతికించడానికి ముక్కలే ఉండవన్నారు. వెనకాలే టై కట్టుకుని త్రినాథరావు దిగాడు.

“నేను హ్యూమన్ రిసోర్సెస్. అంటే మానవ వనరులు.”

“వనరులంటే బొగ్గూ, మాంగనీసూ కదండీ?” అన్నారు బసవపున్నయ్య గారు. “మా జంగయ్యని ఏ గనిలో తవ్వారు?”

త్రినాథరావు నవ్వలేదు. ఒక్క పనే తెలిసినవాళ్లని శుక్రవారంకల్లా తీసేయాలి, జాబితా ఇమ్మన్నాడు. ఆ మాట బాలమణి చెవిన పడింది. ఆమె జీతం మీదే ఇల్లు నడుస్తోంది.

శుక్రవారం త్రినాథరావు ఒక్కొక్కర్నీ పిలిచాడు.

“నువ్వేం చేస్తావమ్మా?”

“ముక్కలు అతికిస్త సార్.”

“ఆ పని పోయింది. ఇంకేం వచ్చు?”

బాలమణి నోరు తెరిచింది. మాటలు తన్నుకొచ్చాయి. “ఫోన్లు జూస్త. బుకింగులు రాస్త. మైకులు పెడ్త. గుంపు డైలాగులు చెప్త. పోయిన వారం కంప్యూటర్ కాడ గూడ కూసున్న.” చెప్పినకొద్దీ ఆమెకే ఆశ్చర్యం వేసింది.

తరవాత జంగయ్య. “గేటు కాస్త. బొమ్మల సినిమాల సింహానికి గొంతిస్త.”

“ఏదీ?”

జంగయ్య గర్జించాడు. త్రినాథరావు టై ఎగిరి భుజం మీద పడింది.

సాయంత్రానికి ఇరవై రెండు మందీ అయిపోయారు. తీసేయడానికి ఒక్కరూ దొరకలేదు.

“ఒకడున్నాడండీ,” అంటూ బసవపున్నయ్య గారు జాబితా అందించారు. అందులో ఉన్నది ఆయన పేరే. “జనాన్ని అటూ ఇటూ మార్చడం తప్ప నాకింకేం రాదు.”

బాలమణి ఆయన్ని గుమ్మం దగ్గరే పట్టుకుంది. “గిదేంది సారూ?”

“రంగుల సినిమాలొచ్చాక మద్రాసు ఫిల్మ్ ల్యాబులో పదకొండు మందిని ఒక్క పూటలో పంపేశారమ్మా. ఎవరికీ రెండో పని రాదు. పనిలోంచి తీసేసిన ఉత్తరాలు పంచింది నేనే.”

“మాకు ముందుగాల చెప్పకపోతిరి?”

“భయపెడితే పని ఒంటబట్టదు. నన్ను తిట్టుకుంటూ అయితే శ్రద్ధగా నేర్చుకుంటారు.”

బాలమణి తిన్నగా త్రినాథరావు గదిలోకి వెళ్లింది. “సారుకి రెండో పని మేం నేర్పుతం. వారం టైమియ్యి.” ఆమె వెనక జంగయ్య ఊపిరి గట్టిగా పీల్చాడు. త్రినాథరావు టై చేత్తో పట్టుకుని సరేనన్నాడు.

వారం రోజుల్లో బసవపున్నయ్య గారు ఓ కంప్యూటర్ చెడగొట్టారు, రెండు మైకులు పడగొట్టారు. గొంతు చూద్దామంటే కుందేలుకీ, రాజుకీ ఒకటే గొంతు. ఆఖరి రోజు ఒక్క పాత్రే మిగిలింది. చలికాలమంతా గుర్రుపెట్టే ఎలుగుబంటి. కుర్చీ వేసి, లైట్లు తగ్గించి, మైకు దగ్గరికి జరిపారు.

అద్భుతమైన గురక. ఎత్తుపల్లాలు, మధ్యలో చిన్న ఈల, విడ్డూరమైన సహజత్వం! అద్దం ఇవతల త్రినాథరావు కూడా తల ఊపాడు. “ఓకే సార్, చాలు,” అన్నాడు సౌండు ఇంజనీరు. గురక ఆగలేదు.

బాలమణి పెదాల మీద వేలు పెట్టుకుని అందర్నీ ఊరుకోమంది. రికార్డింగ్ కోసం ఆపిన ఫ్యాన్ స్విచ్ నొక్కి, చప్పుడు కాకుండా తలుపు వేసింది.