రుషికొండ సముద్రంలో నన్ను కాపాడిన రోజు

రాజమండ్రి నుంచి విశాఖపట్నానికి సైకిలుతో సహా వెళ్ళదలచుకున్నవాళ్ళు రైలు వేళకి బాగా ముందే స్టేషనుకి చేరుకోవాలి. పార్శిలు ఆఫీసులో సైకిలు అప్పజెప్పి, చీటీ కట్టించి, దాన్ని బ్రేకు వ్యానులోకి ఎక్కించడం కళ్ళారా చూసుకున్నాకే మన పెట్టె ఎక్కాలి. లేకపోతే మనం ఒక బండిలో, సైకిలు మరో బండిలో చేరతాం. ఆ శనివారం పొద్దున పార్శిలు గుమాస్తా నన్ను ఎగాదిగా చూసి, "తమ్ముడికా అమ్మా సైకిలు?" అని అడిగాడు. నాకే అన్నాను. ఆయన నవ్వుకుంటూ చీటీ రాశాడు.

ప్రయాణం ఎందుకు పెట్టుకున్నానో చెప్పాలి. నేను ఒక ఎయిడెడ్ స్కూల్లో డ్రిల్లు టీచర్ని. మా నాన్న గోదావరి మీద లాంచీ నడిపేవాడు. నాకు నడక ఎప్పుడొచ్చిందో ఈత కూడా దాదాపు అప్పుడే వచ్చింది. ఆ ఏడు మా ఊళ్ళో ఒక క్లబ్బువాళ్ళు ఈతకొలను కట్టించారు. సాయంత్రం ఒక గంట ఆడపిల్లలకి కేటాయిస్తే నేను నేర్పుతానని సెక్రటరీ గారిని అడిగాను. ఆయన మర్యాదస్తుడు. "నీకు ఈత వచ్చని నాకు తెలుసమ్మా సుగుణా. పిల్లల తల్లిదండ్రులకి తెలియాలిగా. ఎక్కడైనా పోటీకి వెళ్ళి పూర్తి చేసి రా, మర్నాటి నుంచే గంట నీది" అన్నాడు. ఆ మాట పట్టుకుని వెతుకుతుంటే విశాఖపట్నంలో ట్రయథ్లాన్ అనే కొత్త పోటీ పెడుతున్నారని తెలిసింది. సముద్రంలో ముప్పావు కిలోమీటరు ఈత, ఒడ్డుకొచ్చి ఇరవై కిలోమీటర్లు సైకిలు, దిగి అయిదు కిలోమీటర్ల పరుగు. మూడూ ఆగకుండా చెయ్యాలి. ఆడవాళ్ళు కూడా రావచ్చని రాశారు. నేను నాలుగు నెలలు పొద్దున్నే గోదావరి పాయలో ఈది, ధవళేశ్వరం రోడ్డు మీద సైకిలు తొక్కి, గట్టు మీద పరిగెత్తాను.

రైలు సామర్లకోట దాటాక కూర్చోవడానికి చోటు దొరికింది. తునిలో ఇడ్లీ తిన్నాను. ఎదురు సీట్లో చీరల మూటతో ఉన్న ఒకావిడ నా కథ అంతా విని, "మూడూ ఒక్కరోజే ఎందుకమ్మా, విడివిడిగా పెట్టుకోకూడదా?" అంది. నాకు నవ్వొచ్చింది. ఆ ప్రయాణంలో నేను హాయిగా నవ్వింది అక్కడే.

మధ్యాహ్నానికి విశాఖపట్నంలో దిగాను. మా పిన్ని వాళ్ళుండేది గాజువాకలో. సిటీ బస్సులు చాలానే ఉన్నాయి గానీ కాళ్ళు సాగదీసినట్టుంటుందని సైకిలు మీదే బయల్దేరాను. కొత్తవాళ్ళు ఆ పని చెయ్యకపోవడం మంచిది. పోర్టు దగ్గర ఇనుప ఖనిజం ధూళికి గోడలూ చెట్లూ ఎర్రగా ఉంటాయి, గాజువాక చేరేసరికి నేనూ అలాగే ఉన్నాను. పక్కనుంచి ఉక్కు ఫ్యాక్టరీ కట్టుబడికి ఇనుప దూలాలు మోసుకెళ్ళే లారీలు ఒకటే వరస.

గుమ్మంలో జోసెఫ్ బాబాయి నిలబడి ఉన్నాడు. ఓడలు బాగుచేసే చోట వెల్డరు ఆయన. "ఏటమ్మా ఇది, ఇంజిన్లోంచి దిగినట్టున్నావు!" అని చెంబుతో నీళ్ళిచ్చాడు. పిన్నికి మాత్రం నా రాక సగమే సంతోషం. పోటీ ఆదివారం పొద్దున కావడం ఆవిడకి మింగుడుపడలేదు.

"ఆరాధన మానీసి సముద్రంలో దూకుతావేటి? దేవుడు సూడడేటి?" అంది.

"సాయంత్రం ప్రార్థనకి వస్తాను పిన్నీ" అని మాటిచ్చాను.

ఆదివారం మొదటి బస్సుకి నేనూ బాబాయీ బయల్దేరాం. సైకిలు బస్సు పైన కట్టించాం. ఊళ్ళో దిగి, మళ్ళీ భీమిలి వైపు వెళ్ళే బస్సు పైకెక్కించి, రుషికొండలో దించుకున్నాం. అప్పటికి అక్కడ సరుగుడు తోటలూ, ఇసుకా, నాలుగు పడవలూ తప్ప ఏమీ లేవు. నీళ్ళు మాత్రం ఆ ఊరి మొత్తంలో అంత బాగుండే చోటు మరొకటి లేదు. కొండ అడ్డుండటం వల్ల అల మెత్తగా వస్తుంది.

మగవాళ్ళు నలభై మంది దాకా వచ్చారు, చాలామంది నేవీ కుర్రాళ్ళు. ఆడవాళ్ళం ఇద్దరమే. రెండో అమ్మాయి పేరు పైడిరత్నం. పద్మనాభం వైపు వరి పండించుకునే కుటుంబం, పొలంలో నేలబావిలో ఈత నేర్చుకుందట. రోజూ సైకిలు మీద ఊళ్ళోకొచ్చి టైపు నేర్చుకుంటోంది. అన్నగారి సైకిలు తెచ్చుకుంది.

"అక్కా, నాను గెలిత్తే స్పోర్ట్స్ కోటాలో ఉజ్జోగం ఇప్పిత్తానన్నారు. నువ్వు మరీ ఫాస్టుగా ఎల్లిపోకే" అంది నవ్వుతూ. చీమిడి ముక్కు తుడుచుకుంటూ చలికి వణుకుతోంది. నా తువ్వాలు తీసి ఆమె భుజాల మీద కప్పాను.

తెల్ల టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన మైకులో నియమాలు చెప్పాడు. అలసిపోతే పడవ పట్టుకుని ఆగవచ్చు, తప్పు లేదు. పడవ ఎక్కితే మాత్రం పోటీలోంచి తొలగినట్టే. నేను ఈ మాట శ్రద్ధగా విన్నాను. పడవతో నాకేం పని అనుకున్నాను కూడా.

ఈల వేశారు. మొదటి అలలు దాటేదాకా మోచేతులూ మడమలూ తగులుతూనే ఉన్నాయి. తరవాత ఖాళీ నీళ్ళు దొరికాయి. ఉప్పునీళ్ళు మనిషిని పైకి తేలుస్తాయని వినడమే, అంత సుఖంగా ఉంటుందనుకోలేదు. గోదావరిలో మనం నీళ్ళని మోసుకుపోవాలి, ఇక్కడ నీళ్ళే మనల్ని మోస్తాయి. దారి గుర్తుకి నీళ్ళ మీద తేలగట్టిన డబ్బాల్లో మొదటిదాని చుట్టూ తిరిగేసరికి చాలామంది మగవాళ్ళు నా వెనకే ఉన్నారు. రెండో డబ్బా కూడా దాటాను. ఇక తిన్నగా ఒడ్డే. సరుగుడు చెట్లు కనిపిస్తున్నాయి.

అప్పుడు నా ఈత కళ్ళద్దాల్లోకి నీళ్ళొచ్చాయి. ఈతగాళ్ళందరికీ జరిగేదే. వెల్లకిలా తిరిగి, ఒక చెయ్యెత్తి, అద్దాలు పైకి లాగి నీళ్ళు ఒంపుకున్నాను. అంతే. ఇంజను చప్పుడు దగ్గరికొచ్చింది. ఎవరో నా జబ్బ పట్టుకున్నారు.

"భయపడకండి! పట్టుకున్నాను!" అని అరుస్తున్నాడు ఒకతను. నిర్వాహకుల్లోనే ఒక యువకుడు, మెడలో నారింజరంగు లైఫ్ బెల్టు.

"వదలండి! నాకేం కాలేదు! నేను ఈదుతున్నాను!" అన్నాను. నోట్లోకి నీళ్ళు వెళ్ళి దగ్గొచ్చింది. ఆ దగ్గే నా కొంప ముంచింది. రెండో అతను నడుం పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి చేపని లాగినట్టు నన్ను పడవలోకి లాగేశారు. మోకాలు చెక్కుకుపోయింది.

నేను లేచి మళ్ళీ నీళ్ళలోకి దూకాను. వెనకనించి కేకలు. ఒడ్డుదాకా ఈదాను, ఎక్కడా ఆగలేదు. తెల్లటోపీ ఆయన ఎదురొచ్చి చేతులు అడ్డం పెట్టాడు.

"నువ్వు పడవెక్కావమ్మా. అయిపోయింది."

"ఎక్కలేదు. ఎక్కించారు."

"ప్రాణం ముఖ్యం కదా తల్లీ. కూర్చో, గ్లూకోజు తాగు."

వెనకే పైడిరత్నం నీళ్ళలోంచి వచ్చింది. రొప్పుతూనే ఆయన ముందు నిలబడింది. "సార్, నాను ఎనకాలే ఉన్నాను, సూసాను. ఆ అక్క ములగనేదు. బాగానే ఈదతంది. మీవోళ్ళే లాగీసారు."

ఆయన విసుక్కోలేదు. నెమ్మదిగానే అన్నాడు. "అయితే ఆవిడే ముందు వచ్చినట్టు రాసుకోమంటావా? నువ్వు సాక్షి సంతకం పెడతావా? ఆలోచించుకుని చెప్పు. ఈలోగా నీ టైము పోతోంది."

ఆ అమ్మాయి నావైపు చూసింది. తల వంచుకుంది. సైకిలు తీసుకుని వెళ్ళిపోయింది. నేను ఆమెని తప్పుపట్టలేదని చాలామందికి చెప్పాను. నిజానికి ఆ ఇసుకలో నిలబడి ఆమె వీపు చూస్తున్నప్పుడు నాకు కలిగిన మంట అంతా ఇంతా కాదు. ఆమె స్థానంలో నేనున్నా అదే చేసేదాన్నేమోనన్న ఆలోచన మంటని తగ్గించలేదు, పెంచింది.

గ్లూకోజు గ్లాసు బాబాయి చేతిలో పెట్టి నా సైకిలు తీసుకున్నాను. ఎవరో ఆపబోయారు. బాబాయి అడ్డం నిలబడి, "ఆ పిల్ల సైకిలు ఆ పిల్ల తొక్కుకుంటాది, రోడ్డు మీ సొంతమేటి?" అన్నాడు. భీమిలి వైపు సగం దారి దాకా వెళ్ళి తిరిగొచ్చాను. ఆ రోడ్డంత అందమైన రోడ్డు నేను చూడలేదు. ఒక పక్క ఎర్రమట్టి గుట్టలు, మరో పక్క సముద్రం. ఏడుస్తూ తొక్కడానికి గాలి బాగా ఉపయోగపడింది. మలుపు దగ్గర వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోవాల్సిన మనిషి నన్ను చూసి కలం పక్కన పెట్టాడు. దిగి పరిగెత్తాను. పరుగు పూర్తయ్యే చోట రిబ్బను చుట్టచుట్టి ఉంది. సున్నంతో గీసిన గీత మాత్రం మిగిలింది. దాని మీద కాలుపెట్టి, దాటి, కూర్చున్నాను.

తరవాత సభ. గెలిచిన మగవాళ్ళకి కప్పులిచ్చారు. ఆడవాళ్ళలో ప్రథమ బహుమతి పైడిరత్నానికి. ఆమె కప్పు తీసుకుని, జనంలో నన్ను వెతకకుండా దిగిపోయింది. తరవాత పడవలోని యువకుడికి సాహస బహుమతి అన్నారు. చప్పట్లు మోగిపోయాయి. అప్పుడు నా పేరు పిలిచి, నా చేతిలో చామంతి దండ పెట్టి, "ప్రాణదాతకి వెయ్యమ్మా" అన్నారు.

ఆ అబ్బాయి మంచివాడే. సిగ్గుపడుతూ తల వంచాడు. అతనిలో కపటం లేదు, అదే నా దురదృష్టం. దండ బల్లమీద పెట్టి మైకు దగ్గరికెళ్ళి, "నేను మునిగిపోలేదు. నన్ను పోటీలోంచి లాగేశారు" అన్నాను. తెల్లటోపీ ఆయన వచ్చి నా తలమీద చెయ్యి వేసి మైకులో అన్నాడు: "పాపం ఇంకా ఆ భయంలోనే ఉంది. తనేం మాట్లాడుతోందో తనకే తెలియడం లేదు." జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు, ఈసారి నా కోసం. ఇంకెవరో ఆ దండ తీసి అతని మెడలో వేశారు.

గాజువాక చేరేసరికి సంగతి మాకంటే ముందే చేరింది. సాయంత్రం ప్రార్థనలో పాస్టరుగారు సముద్రం నుంచి ఒక కుమార్తెని తిరిగిచ్చినందుకు కృతజ్ఞతాస్తుతి చేయించారు. నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. పిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆవిడ కళ్ళు వాచి ఉన్నాయి.

"పిన్నీ, నేను మునగలేదే" అన్నాను చెవిలో.

"నువ్వు ములిగినావో నేదో నాకొద్దు. కళ్ళముందున్నావు, సాలు. అందరూ సూత్తన్నారు. స్తోత్రం అని ఒక్క మాట సెప్పీసి కూసోయే తల్లీ!"

లేచి నిలబడి, "దేవుడికి స్తోత్రం" అన్నాను. కూర్చున్నాను. చుట్టూ ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకున్నారు.

సోమవారం పొద్దున పేపరు చూపించాడు బాబాయి. లోపలి పేజీలో నా పేరూ, మా ఊరి పేరూ తప్పుల్లేకుండా వేశారు. మునిగిపోతున్న టీచరును రక్షించిన యువకుడు, అని పైన. "నాను నమ్ముతాను నిన్ను. గానీ పేపర్లో పడిపోనాది కదమ్మా, ఇంకేటి సేత్తాం?" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు. స్టేషనుకొచ్చి సైకిలు తనే వ్యానులోకి ఎక్కించాడు. ఆయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు, ఆరోజు కూడా పూర్తిగా చూడనివ్వలేదు.

పగటి రైల్లో రద్దీ తక్కువ. అనకాపల్లి దాకా ఎవరూ పలకరించలేదు. తరవాత ఎక్కిన భార్యాభర్తలు పేపరు విప్పి ఆ వార్తే చదివారు. "ఆడవాళ్ళకెందుకు ఇవన్నీ?" అన్నాడతను. "ఆ కుర్రాడు లేకపోతే ఏమయ్యేది!" అందామె. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. మైకులో చెప్పిన మాట వినని లోకానికి పెట్టెలో చెప్పి ఏం ప్రయోజనం?

సామర్లకోటలో మా ఊరి క్లబ్బు గుమాస్తా ఎక్కాడు, ఏదో పనిమీద పొద్దున వచ్చి తిరిగివెళ్తున్నాడు. నన్ను చూసి కంగారుపడి పక్కన కూర్చున్నాడు. బయల్దేరే ముందు సెక్రటరీ గారిని కలిశాడట.

"ఆయన చాలా బాధపడ్డారమ్మా. అమ్మాయి బతికింది, అదే పదివేలు అన్నారు."

"మరి సాయంత్రం గంట సంగతి?"

"మగ మాస్టారు దగ్గరికి ఆడపిల్లల్ని ఎలాగూ పంపరు. మీరేమో... తల్లిదండ్రులు ఒప్పుకోరండి, పేపరు అందరిళ్ళకీ వచ్చింది. ఆ గంట కూడా మగపిల్లలకే ఇచ్చేద్దామన్నారు."

తరవాత నాకు టీ తెప్పించాడు. తాగాను.

మళ్ళీ ఆ పోటీ పెడితే వెళ్ళదలచుకున్నవాళ్ళ కోసం ఇదంతా రాశాను. ఊరు మంచిది. బస్సులు దొరుకుతాయి, మనుషులు నోరారా పలకరిస్తారు. రుషికొండ నీళ్ళలో భయపడవలసింది ఏమీ లేదు. మగవాళ్ళు నిశ్చింతగా వెళ్ళి రావచ్చు. ఆడవాళ్ళకి మాత్రం ఒక మాట. మధ్యలో కళ్ళద్దాల్లోకి నీళ్ళొచ్చినా, కళ్ళు మండినా, ఊపిరి అందకపోయినా వెల్లకిలా తిరగకండి. చెయ్యి పైకెత్తకండి. దగ్గొస్తే మింగెయ్యండి. కాళ్ళకి ఇసుక తగిలేదాకా మొహం నీళ్ళలోనే ఉంచుకోండి.